బొలోన్యా భోజనమా, నేపుల్స్ భోజనమా: ఏది మేలు?

ఇటలీ వంట అని ఒక్క పేరుతో పిలవదగిన వంట ఆ దేశంలో లేదు; ఉన్నవన్నీ ప్రాంతాల వంటలే. ఉత్తరాన ఎమీలియా-రొమాన్యాకు రాజధాని అయిన బొలోన్యా, దక్షిణాన కంపానియాకు రాజధాని అయిన నేపుల్స్ పాస్తా అనే ఒక్క మాటతో రెండు వేరు పదార్థాలను పిలుస్తాయి. స్థానికులు తినేదే తినాలనుకునే తెలుగువారికి రెండింటిలో ఒక ఊరికే సమయం ఉంటే ఏది ఎంచుకోవాలి?

బొలోన్యా పాస్తాకు గుడ్డే ప్రాణం. నూరు గ్రాముల మెత్తని గోధుమ పిండికి ఒక గుడ్డు చొప్పున కలిపి, మామూలుగా నీళ్లు తగలనివ్వకుండా పిసికి, పొడవాటి కర్రతో పలుచని రేకుగా ఒత్తుతారు. చేతితో ఈ రేకు ఒత్తే స్త్రీలకు అక్కడ స్ఫోల్యీనె అని ప్రత్యేకమైన పేరే ఉంది. రేకును పట్టీలుగా కోస్తే తల్యతెల్లె. వండిన తరువాత దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో నగర వాణిజ్య మండలిలో నమోదు చేయించారు, 1982లో దానితో తినే రగూ అనే మాంసపు కూర తయారీని కూడా అక్కడే దాఖలు చేశారు. ఆ రగూలో గొడ్డు మాంసం, పంది మాంసం, ఉల్లి, క్యారట్, సెలరీ, వైన్, పాలు పడతాయి. టమాటా తోడుకు మాత్రమే. బయటి దేశాల హోటళ్లలో కనిపించే 'స్పగెట్టి బొలోనీస్' ఈ ఊరి సంప్రదాయ వంట కాదు, ఎందుకంటే నున్నని స్పగెట్టి మీద నిలవని మాంసపు ముద్ద గుడ్డు పాస్తా గరుకుదనానికే పట్టుకుంటుంది.

నేపుల్స్ దారి వేరు. ఆ ఊరికి దగ్గరలోని గ్రన్యానోలో చేసే ఎండు పాస్తాకు డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్లు చాలు; గుడ్డు అక్కర్లేదు. కంచు అచ్చుల గుండా తీయడం వల్ల దాని పైభాగం గరుకుగా ఉండి రసాన్ని పీల్చుకుంటుంది. 2013లో ఈ పాస్తాకు యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు లభించింది. మాంసమే కాక గుడ్డు కూడా ముట్టని మన ఇళ్లవారికి ఈ ఒక్క తేడాయే చాలా వరకు తీర్పు చెబుతుంది.

పాస్తా ఒక్కటే కాదు. నేపుల్స్ వాసులను ఒకప్పుడు 'ఆకులు తినేవారు' అని పిలిచేవారు. 17వ శతాబ్దం నుంచి వారు పాస్తా తినేవారయ్యారు గాని, ఆకుకూరలను వదలలేదు. వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి ఆలివ్ నూనెలో మగ్గించే ఫ్రియారియెల్లి అనే చిరుచేదు ఆకుకూర మన నాలుకకు కొత్త అనిపించదు. బీన్స్ గింజలతో ఉడికే పాస్తా, బంగాళాదుంపలతో ఉడికే పాస్తా బీదల వంటలుగా పుట్టి నేటికీ రోజువారీ భోజనంగానే నిలిచాయి. పిజ్జా సంగతికి వస్తే, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె తప్ప చీజ్ లేని మరినారా అక్కడి పాత రకాలలో ఒకటి. కట్టెల పొయ్యిలో అది 60 నుంచి 90 సెకన్లలో కాలుతుంది. ఆ పిజ్జా చేసేవారి కళను 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

అయినా అక్కడ కూడా అడిగి తినడం అవసరం. బీన్స్ పాస్తాలో పంది కొవ్వు, ఆకుకూరల్లో ఆంచొవీ చేపలు ఉండవచ్చు. చీజ్ విషయంలో రెండు ప్రాంతాలూ సమానమే: పార్మిజానో రెజ్జానోకూ, కంపానియా గేదెపాల మొజ్జరెల్లాకూ పాలు విరగడానికి వాడేది దూడ కడుపు నుంచి తీసే రెనెట్. దానిని కూడా వద్దనుకునేవారికి మరినారాయే నమ్మదగినది.

నా ఎంపిక నేపుల్స్. బొలోన్యాలో ప్రసిద్ధమైనవి గుడ్డు, వెన్న, పంది మాంసం కలిసిన సమృద్ధి వంటలు. నేపుల్స్‌లో సామాన్యుడి పూట భోజనమే ఊరికి పేరు తెచ్చింది, కనుక తక్కువ ఖర్చుతో స్థానికుల మధ్య కూర్చుని తినడం అక్కడ తేలిక. అయితే మాంసం తినేవారు, చలికాలంలో వెళ్లేవారు బొలోన్యాకే వెళ్లాలని చెబుతాను. పంది మాంసం, మోర్తదెల్లా అనే పంది మాంసపు సాసేజ్, పార్మిజానో, జాజికాయ కూరి, చిటికెన వేలి కొన అంత చిన్నగా మడిచిన తొర్తెల్లీని అనే పాస్తాను క్రీమ్‌తో కాక వేడి మాంసపు చారులో అడగండి; ఆ ఊరివారు క్రిస్మస్ నాడు ఇంట్లో తినేది అలాగే.