ఉదయగిరి దుర్గమా, పెంచలకోనా?

నెల్లూరులో బస్సెక్కి కొండ నడకకు వెళ్లాలంటే నా మనసు ఉదయగిరికే మొగ్గుతుంది. ఆత్మకూరు మీదుగా ఊరు చేరితే ఎదురుగా 3,000 అడుగులకు పైగా ఎత్తున దుర్గం. శ్రీకృష్ణదేవరాయలు సుదీర్ఘ ముట్టడి తర్వాత 1514లో గజపతుల నుంచి గెలిచిన కోట ఇది. బండల దారి ఎక్కుతుంటే ఆ ముట్టడి అంతకాలం ఎందుకు సాగిందో కాళ్లకే తెలుస్తుంది. నీడ తక్కువ, ముందురాత్రే చేరుకుని, తెల్లవారగానే నీళ్లు మోసుకుని బయలుదేరాలి. దిగాక ఇక్కడి చెక్క చెంచాలు చూడండి, ఎంత నునుపో!

పెంచలకోనది వేరే తీరు. రాపూరు దాటాక వెలిగొండల ఒడిలో నరసింహస్వామి గుడి దాకా బస్సు వెళ్తుంది. చెట్ల నీడ, వానలు పడ్డాక జలపాతం. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే నేనూ ఇక్కడికే తీసుకెళ్తాను.