ఆన్‌లైన్‌లో కొన్న శిలాజాల పెట్టె: అమ్మోనైట్ అదుర్స్, ఆంబర్ డూప్

కడప జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పరిణామం పాఠం వచ్చిందంటే ఇన్నాళ్లూ పుస్తకంలో బొమ్మలతోనే నెట్టుకొచ్చాం. ఈసారి పిల్లల చేతికి అసలు శిలాజాలే ఇద్దామని ఈ పెట్టె తెప్పించాను. సెల్లర్ పేరు రాయను. ఇలాంటివి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, పెట్టెలో సరుకు కూడా ఇంచుమించు ఒకటే: ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిన, గట్టి పెంకున్న సముద్రపు జీవి), సగానికి కోసిన అమ్మోనైట్ (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న సముద్రపు జీవి), షార్క్ పన్ను, రాయిగా మారిన చెక్క, ఆంబర్ (గట్టిపడి శిలాజమైన చెట్టు జిగురు), ఒక చిన్న బుక్‌లెట్.

డబ్బులు గిట్టింది అమ్మోనైట్ దగ్గరే. మడగాస్కర్‌ది. కోసిన ముఖానికి చక్కగా పాలిష్ పెట్టారు, లోపలి గదులన్నీ వరసగా కనిపిస్తాయి. ఆ జీవి ఉండేది అన్నిటికంటే బయటి గదిలో. పెరిగేకొద్దీ ముందుకు జరుగుతూ వెనకాల గోడ కట్టుకునేది. వదిలేసిన గదుల్లో గాలి ఉండబట్టే అంత గుల్లతో నీళ్లలో తేలగలిగింది. మాకొచ్చిన దాంట్లో కొన్ని గదుల్లో తేనెరంగు స్ఫటికాలు, కొన్నిట్లో బూడిదరంగు బురద. గుల్ల పగిలిన చోట బురద దూరింది, పగలని చోట నీళ్లు మెల్లగా ఊరి కాల్సైట్ అనే ఖనిజం పెరిగింది. లెన్స్ ఇస్తే ఈ తేడా పిల్లలే పట్టేశారు. అందరూ నత్త అన్నారు కానీ దీని దగ్గరి చుట్టాలు ఆక్టోపస్, స్క్విడ్‌లు. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లతో పాటే అంతరించాయి.

“మా అవ్వ పూజగదిలో సాలగ్రామం ఇట్లనే ఉంటాది సార్” అంది ఒకమ్మాయి. నిజమే. నేపాల్ గండకీ నదిలో దొరికే చక్రం ఉన్న సాలగ్రామాలు జురాసిక్ కాలపు అమ్మోనైట్లే. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేదని ఆ తర్వాత నేను వేరే చెప్పాల్సిన పని పడలేదు.

ట్రైలోబైట్ బొటనవేలి గోరంత ఉంది. అమెరికాలోని యూటా నుంచి వచ్చింది, వయసు 50 కోట్ల ఏళ్లు. రెజిన్ పోసి చేసిన నకిలీలైతే లెన్స్ కింద గాలి బుడగలు కనిపిస్తాయి, దీనికి లేవు. షార్క్ పన్ను అసలుదే, కానీ వేరు భాగం ఇసుకా జిగురూ కలిపి అతికించారు, గోటితో గీకితే రాలింది. చెక్క పర్వాలేదు.

ఆంబర్ మాత్రం పచ్చి మోసం. సరిగ్గా నడిమధ్యలో, రెక్కలు విప్పుకుని ఫొటోకి పోజిచ్చినట్టు ఒక దోమ. అసలు ఆంబర్ బాగా ఉప్పు కలిపిన నీళ్లలో తేలుతుంది, ఇది నేరుగా అడుక్కి పోయింది. కాల్చిన సూది గుచ్చితే సాంబ్రాణి లాంటి వాసన రావాలి, ప్లాస్టిక్ కాలిన కంపు కొట్టింది. వీడియో తీసి పంపితే సెల్లర్ ఆ ముక్క డబ్బులు మాత్రం వెనక్కిచ్చాడు.

బుక్‌లెట్ చూస్తే నాకు ఒళ్లు మండింది. ట్రైలోబైట్‌తోనే జీవం మొదలైనట్టు రాశారు. మా వేంపల్లె డోలమైట్ రాళ్లలో స్ట్రోమాటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకుంటూ పోయినవి, అడ్డంగా చూస్తే కోసిన క్యాబేజీలా ఉంటాయి. వాటి వయసు 188 కోట్ల ఏళ్లకు పైమాటే, అంటే ట్రైలోబైట్‌కి మూడింతలకు మించి. భూమ్మీద జీవ చరిత్రలో ఎక్కువ భాగం సూక్ష్మజీవులదే, ఆ ముక్క మనకు అమ్మే పుస్తకంలో లేకపోతే ఎలా?

ఐదుకి మూడు స్టార్లు. అదే సెల్లర్ అమ్మోనైట్‌ని విడిగా కూడా అమ్ముతున్నాడు, పెట్టె ధరలో మూడోవంతుకే. స్కూలుకైతే అదీ, ఒక మంచి చేతి లెన్సూ కొనండి.