90 గజాల పెరడుకు ఏం కొన్నాం, ఏవి అక్కరకొచ్చాయి

నల్లగొండలో దేవరకొండ రోడ్డు దిక్కు ఇల్లు కట్టుకున్నాక వెనక 90 గజాల జాగా మిగిలింది. ఎర్ర చెలక నేల. వానలు పడ్డప్పుడు పార సులువుగా దిగుతుంది, మార్చి వచ్చిందంటే అదే నేల బండలా బిగుసుకుపోతుంది. ఆ సంగతి పట్టించుకోకుండా ఆన్‌లైన్‌లో చేతి పనిముట్ల సెట్టు తెప్పించాను. రంగురంగుల పిడులు, చూడ్డానికి ముద్దుగా ఉన్నాయి. వంకాయ నారు పెడదామని తవ్వితే రెండో గుంటకే చిన్న పార మెడ వంగిపోయింది. కుండీల్లో మెత్తటి మట్టికైతే సరే, చెలకలో అవి నిలవవు.

అత్తమ్మ చూసి ఊర్లో కమ్మరి దగ్గరికి తీసుకుపోయింది. లారీ కమాను పట్టీతో చేసిన కొడవలి, కలుపు తీసే చిన్న పార, ఒక గడ్డపార తీసుకున్నాం. అత్తమ్మ ఒక్కొక్కదాన్ని రాయికి తట్టి చప్పుడు విన్నది. ఖంగుమంటే బీట లేనట్టు, డొల్లగా మోగితే పక్కన పెట్టేసింది. పెద్ద పారకు తుమ్మ కర్ర కామ, అంటే పిడి, వేయించింది. మే నెల ఎండకు కామ ఎండిపోయి వదులైంది. రాత్రంతా నీళ్ల బకెట్లో నానబెడితే కర్ర ఉబ్బి మళ్లీ బిగిసింది. రెండేళ్లయింది, వీటిలో ఒక్కటీ విరగలేదు. కొత్తగా పెరడు మొదలుపెట్టేవాళ్లు ముందు వీటి మీదే డబ్బు పెట్టండి.

ఇక మిషన్లు. ఖాళీ జాగా నిండా వయ్యారిభామ మొలిచిందని మా తమ్ముడు పట్టుబట్టి పెట్రోల్ గడ్డి కట్టర్ కొనిపించాడు. అది టూ స్ట్రోక్ ఇంజిన్, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. మాదాంట్లో లీటరుకు 40 మిల్లీలీటర్లు. షాపు అతను ఆ ముక్క చెప్పలేదు, డబ్బాలో కాగితం ఇంగ్లిష్‌లో ఉంది. తమ్ముడు బండికి పోసినట్టు ఉత్త పెట్రోల్ పోశాడు. అరగంటకు ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేసింది. షాపుకు తీసుకుపోతే వారంటీ వర్తించదన్నారు. అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్తే మాకు ఆ ఖర్చు తప్పేది, ఇప్పటికీ కోపమే. మీరు కొంటే షాపులోనే ఆయిల్ కలిపించి, స్టార్ట్ చేయించి, రెండు నిమిషాలు నడిపించుకుని తెచ్చుకోండి. కలపడం పెద్ద తలనొప్పి అనుకుంటే ఫోర్ స్ట్రోక్ అడగండి, దాంట్లో ఆయిల్ వేరేగా పోస్తారు, బరువు మాత్రం కొంచెం ఎక్కువ. మా నేలలో రాళ్లెక్కువ కాబట్టి బ్లేడు కన్నా నైలాన్ తీగ మేలు, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా మాత్రం నడపొద్దు. తుంగ ఉంటే కట్టర్‌ను నమ్ముకోవద్దు. పైన కోస్తే గడ్డలు నేలలోనే ఉండి వారానికి మళ్లీ మొలుస్తుంది. దాన్ని చిన్న పారతో గడ్డతో సహా తీయాల్సిందే.

నిజం చెప్పాలంటే 90 గజాలకు కట్టర్ కొనాల్సిన పనే లేదు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు మనిషిని పిలిచి కోయిస్తున్నాం, వయ్యారిభామ పూత పట్టకముందే.

మందు కొట్టడానికి 16 లీటర్ల బ్యాటరీ పంపు చూపించారు. నిండా నీళ్లు పోసి భుజానికెత్తుకున్నా, నాలుగు అడుగులకే నడుము పట్టేసింది. నేను 5 లీటర్ల చేతి పంపు తీసుకున్నాను, టమాటకు, బెండకు వేపనూనె కొట్టడానికి అది చాలు. మా బోరు నీళ్లకు దాని నాజిల్ తెల్లగా పేరుకుని మూసుకుపోతుంది. నిమ్మరసం కలిపిన నీళ్లలో రాత్రి వేసి పెడితే పొద్దున పళ్లు తోమే పాత బ్రష్షుతో రుద్దగానే వదిలిపోతుంది.