లినక్స్ వాడేవాళ్లూ, స్కానర్ కొనేముందు ఇది చదవండి

పార్క్‌లేన్‌లో మెట్ల పక్కనున్న ఆ షాపు. పేరు రాయను, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు కొనేవాళ్లకి అర్థమైపోతుంది. మొన్న సాయంత్రం అక్కడ 4,800 పోసి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు, కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

తాతయ్య నాటి పుస్తకాలు, దస్తావేజులు ఇంట్లో ఉన్నాయి, పట్టుకుంటే అంచులు రాలిపోతున్నాయి. స్కాన్ చేసి పెడదామని ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొన్నా. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్ మింట్ ఒక్కటే, విండోస్ బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్. పనిచేస్తుందా అని రెండుసార్లు అడిగాను. "పోయిన నెల మీరు తీసుకెళ్లిన వెబ్‌క్యామ్ పనిచేయట్లేదా సార్? ఇదీ అంతే" అన్నాడు షాపువాడు. ఆ మాటకే పడిపోయా. వెబ్‌క్యామ్‌లు దాదాపు అన్నీ యూవీసీ అనే ఒకే పద్ధతిలో నడుస్తాయి, దాన్ని నడిపే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, 2008 నుంచీ లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్‌లోనే ఉంది, అందులో వాడి గొప్పేం లేదు. యూఎస్‌బీ స్కానర్ అలా కాదు, ఒక్కో కంపెనీది ఒక్కో దారి, లినక్స్‌లో స్కానర్లని నడిపే సేన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ మోడల్‌కి ఎవరో ఒకరు కూర్చుని బ్యాకెండ్, అంటే దాని డ్రైవర్, రాసి ఉంటేనే కదులుతుంది. ఇదంతా నాకు తెలుసు! డబ్బా మీద విండోస్, మ్యాక్ అని రెండే ఉన్నాయి, అదీ చూశాను. ల్యాప్‌టాప్ భుజాన బ్యాగులోనే ఉంది. అక్కడే పెట్టి చూడటానికి మొహమాటం అడ్డొచ్చింది నా అంతటి మహానుభావుడికి.

ఇంటికొచ్చి తగిలిస్తే స్కానర్‌ని వెతికే సేన్-ఫైండ్-స్కానర్ కమాండ్ ఏదో స్కానర్ ఉన్నట్టుంది అంటుంది, స్కాన్ తీసే స్కాన్‌ఇమేజ్ కమాండ్ ఏమీ లేదు పొమ్మంటుంది. కేబుల్ మార్చా, సుడో పెట్టి అడ్మిన్ హక్కులతో కొట్టా, రాత్రి ఒంటిగంటకి ఏ స్కానర్ నడుస్తుందో చెప్పే సేన్ లిస్టు తెరిస్తే నా మోడల్ ఎదురుగా 'అన్‌సపోర్టెడ్'.

నిన్న పొద్దున పట్టుకెళ్లా. నేను చెప్పేది సగం కూడా వినలేదు. స్కానర్ లాక్కుని వాడి విండోస్ సిస్టమ్‌కి తగిలించి, బిల్లు ఇవ్వండి అన్నాడు. వాపసుకేమో అనుకుని సంతోషంగా ఇచ్చా. దాన్నే అద్దం మీద బోర్లించి స్కాన్ కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పి, కింద చిన్న అక్షరాలున్న చోట జూమ్ చేశాడు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." ఒక్కో అక్షరం ముత్యంలా వచ్చింది, క్వాలిటీకి పేరు పెట్టడానికి లేదు. "మెషీన్ బాగుంది సార్, మీ ల్యాప్‌టాపే బాలేదు. విండోస్ వేయించుకోండి, 500 అవుతుంది." పక్కన నిలబడ్డ కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకే 4,800 సరిపోయింది.

కొనేవాళ్లు మోడల్ నంబర్ పూర్తిగా, చివరి అక్షరంతో సహా, సేన్ లిస్టులో చూసుకోండి. ఒకే పేరుతో రెండేళ్ల తేడాలో వచ్చిన మెషీన్లలో చిప్పు మారిపోతుంది. ఈఎస్‌సీఎల్ అనో ఎయిర్‌ప్రింట్ అనో (కంపెనీ డ్రైవర్ అక్కర్లేని పద్ధతులు) ఉన్న ఆల్-ఇన్-వన్ ప్రింటర్ అయితే సేన్-ఎయిర్‌స్కాన్ అనే బ్యాకెండ్‌తో ఎక్కువగా పని జరిగిపోతుంది. ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి, షాపులోనే స్కాన్‌ఇమేజ్ కొట్టి చూడండి, వాడు మొహం చిట్లించినా సరే.

విండోస్ ఉన్నవాళ్లెవరికైనా స్కానర్ కావాలంటే చెప్పండి. ఇప్పటికి ఒక్కటే స్కాన్ తీసింది, అదీ నా బిల్లుదే.