పాత ఫోర్ వీల్ డ్రైవ్: ఇంజన్ పని చేయించడమా, ఇంజనే మార్చడమా? ఏది మేలు?

అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్న ఒకటే. బాడీ గట్టిగా ఉంది, చాసిస్‌కి తుప్పు లేదు, ఇంజన్ మాత్రం లాగడం లేదు. ఏ ఇంజన్ ఎక్కిస్తే మంచిది? చాలామంది హార్స్‌పవర్ లెక్కతో మొదలుపెడతారు. నేను ముందు బండి కింద దూరి, ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటి గుల్ల, అంటే బెల్‌హౌసింగ్ చూడమంటాను. రాబోయే ఇంజన్ వెనకభాగం, ఇప్పుడున్న గేర్‌బాక్స్ ముందుభాగం కంపెనీ సామానుతోనే కలుస్తాయా, లేక మధ్యలో ఒక ప్లేటు కోయించి కలపాలా? మార్పిడి చేసిన బండి ఏళ్ల తరబడి తిరుగుతుందా, కొన్ని నెలలకే మూలపడుతుందా అన్నది ఎక్కువగా ఆ అతుకు మీదే ఆధారపడుతుంది.

ముందు, ఇంజన్ నిజంగా పోయిందా?

పొగ వస్తోంది, ఎత్తు ఎక్కడం లేదు అన్నంత మాత్రాన ఇంజన్ దించక్కర్లేదు. పాత డీజిల్ బండ్లలో ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు పైపులు గాలి పీలుస్తాయి. డీజిల్ బయటికి కారదు కాబట్టి లోపం కంటికి కనబడదు. పంపుకి వచ్చే పైపు మధ్యలో అరడుగు పారదర్శకమైన గొట్టం తగిలించి స్టార్ట్ చేస్తే బుడగలు పోతుంటే కనిపిస్తాయి. నాజిళ్లు సన్నగా చిమ్మకుండా చుక్కలు కార్చినా, పంపు టైమింగ్ జరిగినా లక్షణాలు ఇవే.

అవన్నీ సరిగ్గా ఉంటే కంప్రెషన్ కొలవాలి. అక్కడ మాన్యువల్ చెప్పే కనీసపు అంకెతో పాటు సిలిండర్ల మధ్య తేడా చూడాలి. పెట్రోల్ ఇంజన్లలోలాగా సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పద్ధతి డీజిల్‌కి వద్దు. మంట మండే చోటు చిన్నది, ఆ కాస్త ఆయిలే కంప్రెషన్‌ని పెంచి చూపిస్తుంది. ఎక్కువ పడితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దానికి బదులు పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకి తెచ్చి, క్రాంక్ తిరగకుండా బిగించి, నాజిల్ రంధ్రం గుండా గాలి ఎక్కించి వినండి. ఆయిల్ పోసే మూతి దగ్గర గాలి చప్పుడు బలంగా వస్తే రింగులు, బోరు. సైలెన్సర్‌లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టర్ పైపులో వస్తే ఇన్‌లెట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గాస్కెట్టో, పగిలిన హెడ్డో. వాల్వులైనా గాస్కెట్ అయినా కింది సగం ముట్టకుండానే పని అయిపోవచ్చు.

ఉన్న ఇంజన్‌నే బాగుచేయించడం

దీనికున్న పెద్ద బలం, బండిలో మరేదీ మారదు. మౌంటింగులు, రేడియేటర్, వైరింగ్, క్లచ్ అన్నీ ఉన్నవే. బలహీనత అంతా లేత్ పని నాణ్యతలో ఉంది. బోరుని పైన, నడుమ, కింద మూడు చోట్ల, రెండేసి దిక్కుల్లో కొలిపించి రాయించుకోవాలి. హెడ్‌ని కళ్లతో చూసి సరిపెట్టకుండా ప్రెషర్ టెస్ట్ చేయించాలి. చాలా డీజిళ్లలో పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి, దాన్నిబట్టి గాస్కెట్ మందం ఎంచుకోవాలి. గాస్కెట్ అంచున ఉండే గాట్లు ఆ మందానికి గుర్తు. పాత గాస్కెట్ మీద ఎన్ని గాట్లుంటే అన్ని గాట్లదే తెచ్చి వేస్తారు. బ్లాకు పైభాగం కాస్త కోయించాక ఆ లెక్క చెల్లదు.

బేరింగులు అరిగి ఇంజన్ పోయి ఉంటే ఆయిల్ కూలర్ కూడా మార్చాలి. లోహపు పొడి దాని సన్నని దారుల్లో ఇరుక్కుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు. కొత్త బేరింగులు వేశాక ఆ పొడే మళ్లీ వాటి మీదికి వస్తుంది. రీబిల్డ్ అయిన ఇంజన్ త్వరలోనే మళ్లీ తట్టడం మొదలుపెట్టిందంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

బ్లాకుకి పగులు లేకుండా, క్రాంక్ తర్వాతి సైజు బేరింగులకు పనికొచ్చేలా ఉండి, పిస్టన్లు, లైనర్లు దొరుకుతుంటే, ఉన్న వేగంతో మీరు తృప్తిగా ఉంటే ఇక వేరే ఆలోచన వద్దు. ఇంజన్ పని చేయించండి.

అదే కుటుంబంలోని పెద్దన్న

శక్తి చాలడం లేదన్నదే బాధ అయితే నా ఓటు దీనికే. అదే కంపెనీ అదే బండికి, అదే గేర్‌బాక్స్ ముందు కూర్చోబెట్టిన మరింత బలమైన ఇంజన్ ఉందేమో వెతకండి. టయోటా ల్యాండ్ క్రూయిజర్ 60 సిరీస్‌లో 2హెచ్ ఉంటే 12హెచ్-టీ ఉంది. రెండూ 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్లే, రెండింటికీ టైమింగ్ గేర్లే. 12హెచ్-టీ మాత్రం టర్బోతో వచ్చే డైరెక్ట్ ఇంజెక్షన్. తీసుకునే ముందు ఎలక్ట్రికల్ సామాను 12 వోల్టులదా 24 వోల్టులదా చూసుకుంటే చాలు. 80 సిరీస్‌లో 1హెచ్‌జెడ్ ఉంటే 1హెచ్‌డీ-టీ, ఆ తర్వాత 1995లో వచ్చిన 24 వాల్వుల 1హెచ్‌డీ-ఎఫ్‌టీ. ఈ రెండూ మెకానికల్ పంపువే. 1హెచ్‌డీ-టీకి తెలిసిన జబ్బు ఒకటుంది: బిగ్ ఎండ్ బేరింగులు (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటివి) త్వరగా అరుగుతాయి. ఇంజన్ ఇంకా నేల మీద ఉండగానే సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి ఆరు జతలూ మార్చేయండి, బండిలోకి ఎక్కాక అదే పని మూడింతల కష్టం. టైమింగ్ బెల్టు కూడా అప్పుడే. తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి.

ల్యాండ్ రోవర్ సిరీస్ బండ్లకు 200టీడీఐ ఇదే వరస. పాత 2.25 లీటర్ల ఇంజన్ గేర్‌బాక్స్‌కి పట్టిన పద్ధతిలోనే ఇదీ పడుతుంది, ప్లేటు అక్కర్లేదు. డిస్కవరీ నుంచి తీసినదానికి టర్బో ఉన్న చోటు వేరు, చాసిస్‌తో ఇబ్బంది. డిఫెండర్ నుంచి తీసినది దొరికితే పని తేలిక. సిరీస్ బండి హాఫ్ షాఫ్టులు (ఇరుసులో చక్రాల్ని తిప్పే కడ్డీలు) సన్నవని మాత్రం గుర్తుంచుకోవాలి. టర్బో టార్క్‌తో రాళ్లలో ఒక్కసారిగా క్లచ్ వదిలితే విరిగేది అవే.

నిస్సాన్ పాట్రోల్ వై61లో కథ కొంచెం మారుతుంది. అందులో ఆర్‌డీ28, జెడ్‌డీ30, టీడీ42 అన్నీ కంపెనీ నుంచే వచ్చాయి. ఆర్‌డీ28 వేడెక్కితే హెడ్ పోతుంది, తొలినాటి జెడ్‌డీ30లో పిస్టన్లు కరిగిన కేసులు చాలా. టీడీ42 టైమింగ్ గేర్లతో నడిచే మొండి ఇంజన్. అయితే గేర్‌బాక్స్‌తో సహా తెచ్చుకోవాలి. అప్పుడది కుటుంబ మార్పిడే, ఇంజన్ ఒక్కటే తెస్తే ప్లేటు మార్పిడి.

ఆ ప్లేటు దగ్గర అసలేం జరుగుతుంది

గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు ముందు కొస, క్రాంక్ వెనక రంధ్రంలో ఉన్న పైలట్ బేరింగులో కూర్చుంటుంది. క్రాంక్, ఇన్‌పుట్ షాఫ్టు ఒకే గీతలో ఉండాలి. కంపెనీ హౌసింగ్‌లో ఆ గీతను రెండు డోవెల్ పిన్నులు (రంధ్రంలో బిగుతుగా కూర్చుని స్థానం తప్పనివ్వని మేకులు) కాపాడతాయి. బోల్టుల పని బిగించడమే, వాటి రంధ్రాలు కాస్త వదులుగానే ఉంటాయి. ప్లేటు చేయించేటప్పుడు చాలాచోట్ల బోల్టు రంధ్రాలు అచ్చుగుద్దినట్టు తీస్తారు, డోవెల్ మాట మరిచిపోతారు. అప్పుడు గేర్‌బాక్స్ ఏ వైపు వేలాడితే ఆ వైపే బిగుసుకుంటుంది.

దీన్ని కొలవడం పెద్ద విద్యేం కాదు. ఫ్లైవీల్‌కి అయస్కాంతపు స్టాండుతో డయల్ గేజ్ పెట్టి, దాని మొన బెల్‌హౌసింగ్ నడిమి గుండ్రటి రంధ్రం లోపలి అంచుకి ఆనేలా చేసి, క్రాంక్‌ని చేత్తో నిదానంగా ఒక చుట్టు తిప్పాలి. ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగిన మొత్తం 0.13 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే తేడాలో సగమే హౌసింగ్ జరగాల్సిన దూరం. ఆ మేరకు పక్కకి కోసిన ఆఫ్‌సెట్ డోవెల్ వేసి మళ్లీ కొలవాలి. తర్వాత గేజ్ మొనని గేర్‌బాక్స్ ఆనే ముఖం మీద పెట్టి అదీ ఒక చుట్టు చూడాలి. ప్లేటు వంకరగా ఉంటే ఇక్కడ బయటపడుతుంది.

కొలవకుండా బిగిస్తే ఏమవుతుందో వరసగా చెప్పొచ్చు. మొదట క్లచ్ వదిలేటప్పుడు వణుకు. ఆ తర్వాత క్లచ్ తొక్కినప్పుడు పైలట్ బేరింగ్ కూత. క్లచ్ ప్లేటు నడిమి స్ప్రింగుల చుట్టూ రేకు పగలడం. చివరికి ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్ పోయి గేరు దానంతటదే ఊడిపడటం. అప్పటికి బండి యజమాని రెండు క్లచ్ సెట్లు మార్చి, సామాను నాణ్యత లేదని నమ్ముతూ ఉంటాడు.

ప్లేటు మందం తెచ్చే చిక్కు ఇంకోటి. ఆ మందం మేరకు గేర్‌బాక్స్ వెనక్కి జరుగుతుంది, షాఫ్టు కొస పైలట్ బేరింగుకి అందదు. దాన్ని భర్తీ చేయడానికి పొడుగాటి బుష్ చేయిస్తారు, పర్వాలేదు. క్లచ్ ప్లేటు హబ్ మొత్తం స్ప్లైన్ల (షాఫ్టు మీది పళ్ల) మీద కూర్చుందా అన్నది మాత్రం తప్పక చూడాలి. సగం పళ్ల మీద తిరిగే ప్లేటు ఎత్తుల్లో లోడ్ పడగానే పళ్లు తినేస్తుంది.

గేర్ లెక్క

చిన్న లెక్క చేయండి. సిరీస్ ల్యాండ్ రోవర్ డిఫరెన్షియల్ నిష్పత్తి 4.7 (చక్రం ఒక చుట్టు తిరగాలంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు 4.7 చుట్లు తిరగాలి), టాప్ గేరు ఒకటికి ఒకటి. 7.50-16 టైరు ఒక చుట్టుకి సుమారు రెండున్నర మీటర్లు పోతుంది. గంటకు 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1,333 మీటర్లు, 533 చుట్లు, దాన్ని 4.7తో గుణిస్తే ఇంజన్ 2,500 ఆర్‌పీఎమ్ తిరగాలి. 3.54 డిఫరెన్షియళ్లు వేస్తే అదే వేగానికి 1,890 చాలు. ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి మారిస్తే ముందూ వెనకా రెండూ మారాలి.

ఈ లెక్కతోనే లారీ, జనరేటర్ ఇంజన్ల సంగతీ తేలిపోతుంది. కమిన్స్ 4బీటీ చావు లేని ఇంజన్ అంటారు, నిజమే. 3.9 లీటర్లకి దాదాపు 340 కిలోల బరువు, గవర్నర్ (ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచేది) చాలావాటికి 2,500 దగ్గర కోసేస్తుంది. గేర్లు మార్చకుండా పైన చెప్పిన బండిలో పెడితే 80 దాటదు. ముందు స్ప్రింగులూ మార్చాలి, వణుకూ భరించాలి. పొలంలో తిరిగే బండికి సరే.

ఎలక్ట్రానిక్ డీజిల్, పెట్రోల్ వీ8

కొత్త కామన్ రైల్ ఇంజన్ (కంప్యూటర్ అదుపులో అధిక ఒత్తిడితో డీజిల్ చిమ్మేది) లాగుడు, పొదుపు రెండింటిలోనూ ముందుంటుంది, కాదనలేం. దాన్ని ఎక్కించాలంటే ఇంజన్, ఈసీఎం (దాన్ని నడిపే కంప్యూటర్), పూర్తి వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేనిదే ఇంజన్ మండనివ్వని) పెట్టె, తాళంచెవి అన్నీ ఒకే బండి నుంచి రావాలి. ఏ ఒక్కటి విడిగా తెచ్చినా ఇంజన్ తిరుగుతుంది, మండదు. పాత తుప్పు ట్యాంకుతో కలపడం ఆత్మహత్య. వెయ్యి బార్లకు పైన పనిచేసే నాజిళ్లకు ఆ ధూళి విషం. ట్యాంకు మార్చండి, నీరు వేరుచేసే ఫిల్టర్ వేయండి. ఎర్త్ కూడా అంతే ముఖ్యం. సెల్ఫ్ తిప్పుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మీటరు 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే వైరు మార్చాలి. టయోటా 1కేడీ ఎంచుకుంటే నాజిళ్ల కింది రాగి వాషర్లు ముందే కొత్తవి వేయండి. అవి లీకైతే మసి ఆయిల్‌లో కలిసి, సంప్‌లోని జల్లెడ మూసుకుపోయి, ఇంజన్ ఆయిల్ లేకుండా తిరుగుతుంది.

అల్యూమినియం వీ8 పెట్రోల్ ఇంజన్లు తేలిక, సునాయాసంగా లాగుతాయి. ఇంధనం ఖర్చు పట్టనివాళ్లకు, మట్టిదిబ్బల్లో తిరిగేవాళ్లకు బాగుంటాయి.

ఉన్న 1హెచ్‌జెడ్ లాంటిదానికి టర్బో తగిలించడం గురించీ అడుగుతున్నారు. ప్రీ చాంబర్ (డీజిల్ ముందు హెడ్‌లోని చిన్న గదిలో మండే) హెడ్‌కి వేడి తట్టదు, వాల్వుల మధ్య పగుళ్లొస్తాయి. బూస్ట్ తక్కువగా ఉంచి, టర్బోకి ముందు పొగ వేడి చూపే మీటరు పెట్టి, 650 డిగ్రీలు దాటకుండా నడిపేవాళ్లే ఆ పని చేయాలి.

ఏది ఎక్కించినా ఇది మాత్రం చూడండి

ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఇంజన్ కింద ఇరుసు ఉంటుంది. కొన్ని ఇంజన్లకు సంప్ లోతు ముందువైపు, కొన్నిటికి వెనకవైపు. బండి నిలిచి ఉండగా నాలుగు వేళ్ల సందు కనిపించినా గుంటలో పడగానే డిఫరెన్షియల్ వెళ్లి సంప్‌ని పొడుస్తుంది. ముందు స్ప్రింగులు తీసేసి, సంప్ అడుగున పిల్లలాడుకునే మెత్తటి బంకమట్టి ముద్ద అంటించి, జాక్‌తో ఇరుసుని బంప్ స్టాపుకి (ఇరుసు పైకి రాగల హద్దున ఉండే రబ్బరు దిమ్మకి) ఆనేదాకా ఎత్తండి. తర్వాత ఒక వైపు మాత్రమే ఎత్తి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. నలిగిన ముద్ద మందం కొలిస్తే అదే మిగిలిన సందు. మౌంటింగ్ రబ్బర్లు కుంగుతాయి కాబట్టి 25 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే ఒప్పుకోవద్దు.

సంప్ కోయించి ఆకారం మార్పిస్తే ఆయిల్ పీల్చే గొట్టమూ దానితో పాటే జరగాలి, జల్లెడకీ అడుక్కీ మధ్య పాత సందే ఉండాలి. డిప్‌స్టిక్ మీద పాత గీత ఇక పనికిరాదు. మాన్యువల్ చెప్పిన కొలత ఆయిల్ పోసి, ఫిల్టర్ నిండేలా ఇంజన్‌ని కాసేపు తిప్పి ఆపి, చదునైన చోట పది నిమిషాలు వదిలి, కడ్డీ తడిసిన చోట కొత్త గీత గీసుకోండి.