పిల్లలతో, అత్తగారితో సముద్రం ఒడ్డు రిసార్టులో ఐదు రోజులు: అన్నిటికంటే ముందు ఆ చిన్న బోర్డు చూడండి

మేం ఐదుగురం వెళ్లాం. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. నాలుగు రాత్రులు, ఐదు రోజులు. బుక్ చేసేటప్పుడు నాకున్న టెన్షన్ ఒక్కటే. ఎక్కడ చూసినా పూల్ ఫోటోలు, గది ఫోటోలే గానీ నాలుగేళ్ల పిల్లాడు, ఇసుకలో పది అడుగులు కూడా వేయలేని పెద్దావిడ అక్కడ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో ఎవరూ రాయలేదు. అందుకే వివరంగా రాస్తున్నా, మాలాగా ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లకి పనికొస్తుందని. నా రేటింగ్ ఐదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ ఎందుకో కింద చెప్తాను.

మొదటి రోజు మాకు ఏదీ కలిసిరాలేదు. మధ్యాహ్నం చేరుకున్నాం, సామాన్లు గదిలో పడేసి ఒంటిగంటకల్లా సముద్రం దగ్గరికి వెళ్లిపోయాం, పిల్లలు ఆగరు కదా. తీరా చూస్తే ఆడుకోవడానికి ఇసుకే లేదు. నీళ్లు మెట్ల దాకా వచ్చేశాయి, మిగిలిన నాలుగడుగుల పొడి ఇసుక పెనంలా కాలుతోంది, అలలు నేరుగా మెట్లకి కొట్టుకుంటున్నాయి. బాబు ఏడుపు మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాల్లో గదికి తిరిగి వచ్చేశాం. ఇంత దూరం వచ్చింది దీనికా అని నాకు నిజంగా దిగులేసింది.

సాయంత్రం రిసెప్షన్ పక్కనున్న యాక్టివిటీ డెస్క్ దగ్గర ఒక చిన్న నల్ల బోర్డు కనిపించింది. దాని మీద చాక్‌పీసుతో రెండే లైన్లు, పోటు (నీళ్లు ఒడ్డు మీదకి వచ్చేది) ఎన్నింటికి, ఆటు (నీళ్లు వెనక్కి పోయేది) ఎన్నింటికి అని. మేం ఒంటిగంటకి వెళ్లినప్పుడు నిండు పోటు దాటి గంట కూడా కాలేదు. డెస్క్ దగ్గరున్న అబ్బాయి చాలా ఓపిగ్గా చెప్పాడు. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఈ రోజు ఏడింటికి ఆటైతే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా ఆటు వస్తుంది. "రేపు పొద్దున్న ఏడింటికి రండి మేడమ్, ఇదే చోటు గుర్తుపట్టలేరు" అన్నాడు. అక్కడి నుంచి మా రోజంతా ఆ బోర్డు ప్రకారమే నడిచింది: పొద్దున్న ఆటు టైములో ఇసుక, మధ్యాహ్నం పోటు టైములో పూల్ లేదా నిద్ర, ఎండ తగ్గాక అలల్లో స్నానం.

మర్నాడు ఏడింటికి వెళ్తే నిజంగానే వేరే ఊరికి వచ్చినట్టుంది. నిన్న నీళ్లున్న చోట మైదానమంత తడి ఇసుక. దాని మీద ఆవగింజ నుంచి బఠాణీ గింజ సైజు దాకా వేలకొద్దీ ఇసుక ఉండలు, ఒక్కో చిన్న కన్నం చుట్టూ ముగ్గు చుక్కల్లా పేర్చినట్టు. రిసార్టు తరఫున మాతో వచ్చిన గైడు అవి పీతల పని అని చెప్పి, అందర్నీ కదలకుండా కూర్చోమన్నాడు. రెండు నిమిషాలు గడిచాక గోరంత పీత ఒకటి బయటికొచ్చింది. రెండు డెక్కలతో ఇసుకని నోట్లో పెట్టుకుంటుంది, రేణువులకి అంటుకున్న ఆహారాన్ని లాక్కుంటుంది, మిగిలిన ఇసుకని ఉండ చేసి కాళ్లతో వెనక్కి నెట్టేస్తుంది, మళ్లీ ఒక అడుగు ముందుకి. మా పాప బోర్లా పడుకుని గడ్డం ఇసుకకి ఆనించి అదే చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో పది నిమిషాలు ఒకచోట కూర్చోని పిల్ల, ముప్పావు గంట కదల్లేదు. పక్కన రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటల్లో చిన్న చేపలు, నత్తలు కూడా చూపించాడు. ఏ రాయి ఎత్తినా మళ్లీ ఎలా ఉన్నది అలాగే పెట్టాలి, కింద బతికేవాటికి అదే ఇల్లు అని పిల్లలకి ముందే చెప్పాడు. ఈ నడకకి వేరే టికెట్ లేదు, రిజిస్టర్‌లో పేరు రాస్తే చాలు. మొత్తం రిసార్టులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇసుక గూళ్లు కట్టించే గంట కూడా బాగుంది. పొడి ఇసుక ఎందుకు నిలబడదు, మరీ తడిస్తే ఎందుకు జారిపోతుంది అని వాళ్లు పిల్లల చేతే చేయించి చూపించారు. రేణువుకీ రేణువుకీ మధ్య పలచటి నీటి పొర వంతెనలా పట్టుకుని ఉంటేనే గోడ నిలుస్తుందట, దానికి ఎనిమిది బకెట్ల పొడి ఇసుకకి ఒక బకెట్ నీళ్లు అని లెక్క. మా ఆయన, బాబు కలిసి కట్టిన బురుజు మళ్లీ పోటు వచ్చేదాకా చెక్కుచెదరలేదు. అక్కడ ఒక మంచి నియమం చూశాను: ఎవరు గొయ్యి తవ్వినా, ఆడేవాళ్లలో అందరికంటే చిన్న పిల్లాడి మోకాలి లోతు దాటకూడదు, వెళ్లేటప్పుడు పూడ్చేయాలి. తవ్విన ఇసుక ఒక్కసారిగా కూలితే పిల్లలు కూరుకుపోతారు, తీయడం చాలా కష్టం. ఇన్నేళ్లలో నాకు ఈ సంగతి తట్టనే లేదు.

మా అత్తగారి సంగతికొస్తే, ఆవిడ ముందే "నేను గదిలో ఉంటాను, మీరు వెళ్లండి" అని నిర్ణయించేసుకున్నారు. రెండో రోజు డెస్క్ అబ్బాయే అడిగి బీచ్ వీల్‌చైర్ తెచ్చాడు. మామూలు చక్రాలు ఇసుకలో దిగబడతాయి, దీనికి బెలూన్ల లాంటి లావుపాటి మెత్తటి చక్రాలు, ఇసుక మీద తేలిగ్గా దొర్లిపోతుంది. ఆటు టైములో తడి ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి మా ఆయన ఒక్కరే నీటి అంచుదాకా తోసుకెళ్లారు. పల్చటి అల వచ్చి పాదాలు తడిపి వెళ్లింది. అత్తగారు ఏమీ మాట్లాడలేదు, చెప్పులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు, ఇంకో అల కోసం కాళ్లు ముందుకి చాపారు. తర్వాత మూడు రోజులూ పొద్దున్నే అందరికంటే ముందు తయారై కూర్చున్నది ఆవిడే. ఉన్నది ఒకటే కుర్చీ, ముందు రోజు రాత్రే చెప్పి ఉంచుకోండి.

అలల్లో స్నానం సాయంత్రం నాలుగున్నర తర్వాత. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న రెండు జెండాల మధ్యే దిగాలి, లైఫ్‌గార్డ్ చూసేది ఆ మేరకే. పూర్తి ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. ఊదా రంగు జెండా ఉంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని అర్థం. ఇక్కడి లైఫ్‌గార్డ్ ఫోన్ చూస్తూ కూర్చునే రకం కాదు, కొత్తగా వచ్చినవాళ్లని పిలిచి మరీ చెప్తున్నాడు. రెండు వైపులా అలలు విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తే అందరూ పిల్లల్ని అక్కడికే తీసుకెళ్తారట. తీరం నుంచి లోపలికి లాగే ప్రవాహం, రిప్ కరెంట్, తరచుగా ఉండేది సరిగ్గా అక్కడే. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకూడదు, ఒడ్డుకి సమాంతరంగా ఈది పక్కకి తప్పుకోవాలి, ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. మునిగిపోయే పిల్లలు కేకలు వేయరు, చప్పుడు లేకుండా మునిగిపోతారు, అందుకే చిన్నవాళ్లు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. చేతులకి తొడిగే గాలి బెలూన్లు చూసి ధైర్యం తెచ్చుకోకండి, అవి ఆట వస్తువులే.

ఇప్పుడు ఆ తగ్గిన ఒక మార్కు. మూడో రోజు కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ కోసం వెళ్లాం. అది రిసార్టు లోపలే బయటివాళ్లు నడిపే కౌంటర్. పాపకి ఇచ్చిన లైఫ్ జాకెట్ చూడ్డానికి బాగానే ఉంది, కానీ కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీకి బకిల్ లేదు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాను, జాకెట్ మొత్తం చెవుల దాకా వచ్చేసింది. అంటే నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందకి జారుతుంది. వేరేది ఇవ్వమంటే "పర్లేదు మేడమ్, పది నిమిషాలే కదా, లోతు కూడా లేదు" అన్నారు. పిల్లల సైజులో మరో రెండు చూశాం, ఒకదానికి జిప్పు పోయింది, ఇంకోటి మరీ పెద్దది. పాప ఏడ్చినా ఎక్కించలేదు. డబ్బు వెనక్కిచ్చారు, అది వేరే విషయం. మేనేజర్‌కి కాగితం మీద రాసిచ్చాను. ఆయన మాతో పాటు వచ్చి చూసి, పిల్లల కయాక్ ఆపించారు. మేం తిరిగొచ్చేనాటికి కొత్త జాకెట్లు ఇంకా రాలేదు. ఎవరు వెళ్లినా ఆ భుజాల పరీక్ష చేయకుండా పిల్లల్ని ఎక్కించొద్దు.

కయాక్ పోయిన బాధలో ఉన్న పాపకి స్నార్కెల్ (ముఖం నీళ్లలో పెట్టి గొట్టంతో గాలి పీల్చుకుంటూ ఈదడం) నేర్పించింది పూల్ దగ్గరి కోచ్. నేరుగా సముద్రంలో కాకుండా ముందు నడుము లోతు పూల్‌లో నేర్పడం నాకు నచ్చింది. మాస్క్ సరిపోయిందా లేదా తెలియాలంటే పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చాలి, చేయి తీసినా అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. ఒక్క వెంట్రుక అడ్డొచ్చినా నీళ్లు లోపలికి వస్తాయి. నాలుగో మాస్క్‌కి సరిపోయింది, ఆ నలభై నిమిషాలూ ఆ కోచ్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. కిడ్స్ క్లబ్‌లో ఎక్కువ సేపు టీవీయే పెడుతున్నారు, దానికోసం ఇంత దూరం రానక్కర్లేదు. భోజనం పర్వాలేదు, పిల్లలు తిన్నారు. గదులు శుభ్రంగా ఉన్నాయి, కానీ కింది అంతస్తు అడగండి, ఇసుక కాళ్లతో రోజుకి ఆరుసార్లు మెట్లెక్కడం చాలా కష్టం. గొడుగుల నీడ చాలా తక్కువ, తొమ్మిదిన్నరకే నిండిపోతాయి. నీడలో ఉన్నా సన్‌స్క్రీన్ మానొద్దు, పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో 15 శాతం దాకా తిరిగి మన మీదకే కొడుతుంది, నీళ్లలో అర మీటరు లోతున కూడా వాటి తీవ్రత పైనున్న దాంట్లో 40 శాతం ఉంటుంది. ఎస్‌పీఎఫ్ (సన్‌స్క్రీన్ ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గకుండా, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ రాయాలి. మా ఆయన మెడ వెనక రాసుకోవడం మర్చిపోయారు, రెండు రాత్రులు పక్కకి తిరిగి పడుకున్నారు.

చివరి రోజు ఆటు తొమ్మిదిన్నరకి, గది ఖాళీ చేయాల్సింది పదకొండుకి. హడావుడి అవుతుందని నడక వద్దనుకున్నాం, పాప ముఖం చిన్నబోయింది. డెస్క్ అబ్బాయే చెప్పాడు, ఎనిమిదికే గది అప్పగించేసి సామాన్లు రిసెప్షన్ వెనక గదిలో పెట్టుకోవచ్చు, తిరిగొచ్చాక పూల్ పక్కనున్న షవర్లలో స్నానం చేసి బట్టలు మార్చుకోవచ్చు అని. అలాగే చేశాం, పదకొండున్నర దాకా పీతల దగ్గరే ఉన్నాం. పొడి బట్టలు, తువ్వాళ్లు మాత్రం వేరే సంచిలో పైన పెట్టుకోండి, మేం పెద్ద సూట్‌కేస్ అడుగున పెట్టి అక్కడే నేల మీద అంతా విప్పాల్సి వచ్చింది.