అమ్మకి నడుములో వేయించిన స్టీరాయిడ్ ఇంజెక్షన్, ఐదు నెలల తర్వాత రాస్తున్నా

అమ్మకి 61, షుగర్ ఉంది. నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే ఎముకల మధ్య డిస్క్ జరిగి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో వచ్చింది. నడుం కంటే కాలే ఎక్కువ ఏడిపించింది, పిరుదు నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టు లాగేది, పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడలేకపోయేది పాపం. మాత్రలు, ఫిజియో ఆర్నెల్లు చూసి హైదరాబాద్‌లో ఒక పెయిన్ క్లినిక్‌లో ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ (వెన్నులో నరాల చుట్టూ ఉండే ఖాళీలోకి స్టీరాయిడ్ మందు పంపేది) వేయించాం, క్లినిక్ పేరు రాయట్లేదు.

డాక్టర్ గారి పని మాత్రం చాలా బాగుంది. సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మెషీన్‌లో సూది చూసుకుంటూ, ముందు ఎక్స్‌రేలో కనపడే డై పంపి అది ఆ నరం దగ్గరికే పోతోందని చూశాకే మందు వేశారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని రెండుసార్లు అడిగారు. సాయంత్రానికల్లా ఇంటికొచ్చేశాం. మూడో రోజుకి లాగడం సగం పైనే తగ్గింది, చాన్నాళ్ళకి అమ్మ గుడికి నడిచి వెళ్ళొచ్చింది, అది చూసి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

కానీ షుగర్ సంగతి ఒక్కళ్ళూ చెప్పలేదండీ. ఫాస్టింగ్ 130 ఉండేది మర్నాడు 280 చూపించింది, నాలుగు రోజులు దిగలేదు, మేం భయపడి మా షుగర్ డాక్టర్‌కి ఫోన్ చేస్తే స్టీరాయిడ్ వల్ల అని ఆయన చెప్పి మందు మార్చారు. షుగర్ ఉన్న మనిషికి ఇది ముందు చెప్పాల్సిన మాట కదా. పైగా కౌంటర్లో మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీ ఇప్పుడే కట్టేయమన్నారు, మొదటిది పనిచేస్తుందో లేదో తెలీకుండా మూడింటికి డబ్బులెందుకు, మేం కట్టలేదు.

రెండున్నర నెలలకి నొప్పి మెల్లగా తిరిగొచ్చింది, మునుపంత లేదు గానీ ఉంది. అప్పుడు కూర్చుని చదివా. 2025లో బీఎమ్‌జే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన గైడ్‌లైన్ అయితే మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి, కాల్లోకి పాకేదానికి కూడా ఈ ఇంజెక్షన్లు, నరాన్ని వేడితో కాల్చే రేడియో ఫ్రీక్వెన్సీ వద్దనే గట్టిగా చెప్పింది, పోల్చి చూడ్డానికి చేసే ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే పెద్ద తేడా లేదని. పెయిన్ డాక్టర్లు చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. మా అమ్మకి తగ్గింది మందు వల్లేనా, దానంతటదేనా అంటే నేను చెప్పలేను. చాలా అరుదుగా చూపు పోవడం, పక్షవాతం లాంటివి కూడా రావచ్చని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2014లోనే హెచ్చరించింది, మాతో సంతకం పెట్టించుకున్న కాగితంలో అది ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంది, అమ్మకి ఎవరూ చదివి వినిపించలేదు.

రెండోది ప్రస్తుతానికి వద్దనుకున్నాం. ఫిజియో అమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికొస్తోంది, అమ్మ పొద్దున్నే వీధి చివరిదాకా నడుస్తోంది.